గోల్ కొట్టనివాడి చరిత్ర

1970 డిసెంబర్, బ్యాంకాక్. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మూడో స్థానం కోసం ఇండియా, జపాన్ తలపడ్డాయి. ఇండియా 1-0తో గెలిచింది. ఆ ఒకటి ఎవరిదో ఎక్కడ వెతికినా దొరుకుతుంది: మంజిత్ సింగ్. మరి ఆ సున్నా ఎవరిది?

ఆ సున్నాని తేలిగ్గా తీసుకోకండి. అవతల ఉన్నది అంతకు రెండేళ్ళ ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి వచ్చిన దేశం. వాళ్ళకి మ్యాచ్ మొత్తం మీద ఒక్క గోల్ కూడా దొరకలేదు. ఆ రోజు మన వెనక వరసలో నిలబడ్డ కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాదీ. అప్పటికి ఇరవై ఆరేళ్ళవాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళు దాటిపోయాయి, ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకి మళ్ళీ ఏ పతకమూ రాలేదు. అంటే మన చివరి పతకం జట్టుకి నాయకుడు ఒక తెలుగు రాష్ట్రం వాడు, అందులోనూ ఒక డిఫెండర్. ఈ రెండు ముక్కలూ తెలిసినవాళ్ళు మనలో ఎంతమంది? నేను డిగ్రీ చదివేనాటికి చదివిన తెలుగు క్రీడా పుస్తకాల్లో ఈ పేరు నాకు తగిలిన గుర్తు లేదు.

డిఫెండర్ కథ చెప్పడం కష్టం. ఫార్వర్డ్‌కి గోల్స్ ఉంటాయి, గోల్‌కీపర్‌కి ఆపిన పెనాల్టీలు ఉంటాయి. వెనక ఆడేవాడు బాగా ఆడిన రోజు ఏమీ జరగదు, జరగకపోవడమే వాడి పని. మన కబడ్డీలో కూతకెళ్ళి ముగ్గుర్ని తాకి వచ్చినవాడి పేరు ఊరంతా వారం రోజులు చెప్పుకుంటుంది. సరైన క్షణంలో మడమ అందుకుని ఆట తిప్పినవాడి సంగతి ఆ ఏడుగురికీ తప్ప ఎవరికీ పట్టదు. ఫుట్‌బాల్‌లో ఇది మరీ దారుణం. 1962 జకార్తా స్వర్ణం జట్టులో మనం బాగా గుర్తుపెట్టుకున్న డిఫెండర్ జర్నైల్ సింగ్. ఎందుకు గుర్తు? తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే కోచ్ రహీం అతన్ని వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ కొట్టాడు. మొన్న 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి ఆ తలకట్టు బాగా గుర్తుండే ఉంటుంది. డిఫెండర్ చరిత్రకెక్కాలంటే కాసేపు డిఫెండర్ కాకుండా పోవాలన్నమాట!

నయీంకి ఆ అవకాశం రాలేదు. కాబట్టి ఆయన కథని చుట్టూ ఉన్నవాటి నుంచి రాబట్టుకోవాలి: ఎవరు నేర్పారు, ఎవరు జీతం ఇచ్చారు, ఏ ఊరికి ఎందుకు పోవాల్సి వచ్చింది.

ముందు నేర్పినవాళ్ళ సంగతి. హైదరాబాద్ సిటీ పోలీస్ అనే జట్టు నిజాం కాలంలోనే పేరు తెచ్చుకుంది. 1943లో బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టుని ఓడించింది. ఆ ఎయిర్‌ఫోర్స్ జట్టులో ఇంగ్లండ్ క్రికెటర్ డెనిస్ కాంప్టన్ కూడా ఉన్నాడు (ఆయన ఆర్సెనల్‌కి ఫుట్‌బాల్ కూడా ఆడేవాడు). 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించాక దేశమంతా ఈ పోలీసుల వైపు తిరిగి చూసింది. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ వాళ్ళదే. వీటి వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. స్కూలు మాస్టారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, పోలీస్ జట్టు కోచ్, దేశం జట్టు కోచ్, అన్నీ ఆయనే. రాష్ట్రం ఏర్పడ్డాక పోలీసులు ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడారు, 1961 డ్యూరాండ్ ఆ పేరు మీదే గెలిచారు. సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58లో హైదరాబాద్‌గా వచ్చింది, 1965-66లో ఆంధ్రప్రదేశ్‌గా వచ్చింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ తెలుగు రాష్ట్రానికీ రాలేదు.

ఇక్కడ రహీం వెనక వరసకి చేసిన మేలు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నయీం ఆట అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ రోజుల్లో మన దేశంలో ఎక్కువ జట్లు ఇద్దరు బ్యాకులతోనే ఆడేవి. వెనక ఇద్దరు, వాళ్ళ ముందు ముగ్గురు హాఫ్‌లు, ముందు వరసలో ఐదుగురు. బంతి మనవాళ్ళ దగ్గర ఉన్నంతసేపూ చూడముచ్చటగా ఉంటుంది. పోయిందంటే మాత్రం ఇద్దరు మనుషులు మైదానం వెడల్పంతా కాయాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టింది. మనకి వచ్చింది ఒకటి. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు కాబట్టి ఓటమికి కారణం బూట్లే అని అందరూ అన్నారు, ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. బూట్ల కథ చెప్పుకోవడానికి బాగుంటుంది, నిజం కూడా కొంత ఉంది. కానీ పది గోల్స్ పడేది బూట్లు లేకపోవడం వల్ల మాత్రమే కాదు కదా. మధ్యలో కాపలా లేదు. మూడో బ్యాక్, అంటే స్టాపర్, అవతలి సెంటర్ ఫార్వర్డ్‌ని అంటిపెట్టుకుని ఉండే మనిషి మనకి లేడు. రహీం ఆ మార్పు తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు.

నాలుగేళ్ళ తర్వాత మెల్‌బోర్న్. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్‌కి వెళ్తే మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి ఫస్ట్ హాఫ్‌లో గోలే లేదు. సెకండ్ హాఫ్‌లో నెవిల్ డిసౌజా గోల్‌తో మనమే ముందుకెళ్ళాం, చివరికి 4-1తో ఓడాం. హైదరాబాద్ ఫుల్‌బ్యాక్ సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్ ఈ రెండు ఒలింపిక్ జట్లలోనూ ఉన్నాడు. నూర్ మహమ్మద్ కూడా. పది నుంచి నాలుగుకి తగ్గడం అనేది పేపర్లో హెడ్‌లైన్ అయ్యే సంగతి కాదు. వెనక ఆడేవాడి చరిత్రలో పెద్ద అధ్యాయం అంటే ఇలాంటిదే.

రహీం హైదరాబాద్‌లో విచిత్రమైన పోటీలు పెట్టేవాడని ఆయన గురించి రాసినవాళ్ళంతా చెబుతారు. బలహీనమైన కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్ ఒకటి. డ్రిబ్లింగ్ చెయ్యకూడదనే టోర్నమెంట్ ఇంకొకటి. వినడానికి పిల్లలాటలా ఉంటుంది గానీ బ్యాక్ అయినవాడికి ఇది ప్రాణం. ఫార్వర్డ్ తనకిష్టమైన వైపు తిరిగి కొట్టే వీలుంటుంది. బ్యాక్‌కి బంతి ఎటు వస్తుందో అటే, ఏ కాలికి అందితే ఆ కాలితోనే, ఒక్క తాకుడులో వదిలించుకోవాలి. సొంత పెనాల్టీ ఏరియాలో ఎడమ కాలు మొరాయిస్తే పడేది గోలే.

నయీం ఈ బడి చివరి తరం. 1960ల మొదట్లో పోలీస్ జట్టులోకి వచ్చాడు. రహీం 1963 జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయాడు. జకార్తా స్వర్ణానికి ఏడాది కూడా నిండలేదు. పెద్దాయన పోయాక ఇక్కడ నేర్చుకున్న కుర్రాళ్ళ ముందు ఉన్న ప్రశ్న ఒకటే: ఇప్పుడేంటి?

'ప్రొఫెషనల్' అనే మాట గురించి ఒక మాట చెప్పుకుందాం. 1960ల ఇండియాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అనేవాడు చట్టప్రకారం లేడు. కాగితం మీద అందరూ అమెచ్యూర్లే, ఒలింపిక్స్ ఆడాలంటే అలాగే ఉండాలి. ఆట చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్ళు: పోలీసు, రైల్వే, ఆర్మీ, పోర్టు, కస్టమ్స్, బొంబాయిలో టాటా, కాల్టెక్స్. హైదరాబాద్‌లో ఆ దారి పోలీసు శాఖ. పొద్దున పెరేడ్, సాయంత్రం ప్రాక్టీసు, ఒకటో తారీఖున జీతం, వయసైపోయాక పింఛను. కోల్‌కతాలో పరిస్థితి వేరు. అక్కడి పెద్ద క్లబ్బులు కూడా కాగితం మీద అమెచ్యూర్లకే ఆడిస్తున్నట్టు రాసుకునేవి, కానీ డబ్బులు చేతులు మారేవని అందరికీ తెలుసు. ఏటా ట్రాన్స్‌ఫర్ల సీజన్‌లో ఆటగాళ్ళని అవతలి క్లబ్బు వాళ్ళ కంటపడకుండా దాచిపెట్టిన కథలు బెంగాల్‌లో పురాణాల్లా చెప్పుకుంటారు. హైదరాబాద్ కుర్రాళ్ళకి అటు పింఛను, ఇటు పేరు. చాలామంది పేరు వైపే వెళ్ళారు.

1966లో నయీం, ఫార్వర్డ్ మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళారు. తర్వాత ఇద్దరూ మోహన్ బగాన్‌కీ ఆడారు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కీ ఆడారు. కోల్‌కతా మూడు పెద్ద క్లబ్బుల రంగులూ వేసుకున్నారు. ఈస్ట్ బెంగాల్ నుంచి మోహన్ బగాన్‌కి మారడమంటే అక్కడ చిన్న సంగతి కాదు, కుటుంబాలు విడిపోయినంత గొడవ. బయటివాళ్ళు కాబట్టి హైదరాబాదీలకి కొంత వెసులుబాటు ఉండేదేమో. హబీబ్ పేరు బెంగాల్‌లో ఇప్పటికీ మారుమోగుతుంది. 1977లో పీలే న్యూయార్క్ కాస్మాస్‌తో వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున ఎదురునిలిచినవాళ్ళలో అతనొకడు. నయీం పేరు వినిపించేది వేరేలా, 'గట్టివాడు' అనే ఒక్క మాటతో. వెనక ఆడేవాడికి బిరుదులు ఇలాంటివే ఇస్తారు.

హైదరాబాద్ నుంచి హౌరా వెళ్ళే రైలు దారి మన ఊరి మీదుగానే. విజయవాడ, రాజమండ్రి, వాల్తేరు, బరంపురం, ఖరగ్‌పూర్. దేశానికి ఆడిన సగం మంది హైదరాబాదీలు కిటకిటలాడే బోగీల్లో ఈ స్టేషన్ దాటుకుంటూ వెళ్ళి ఉంటారు. కోల్‌కతా మైదాన్‌లో బీఎన్ఆర్ అని ఒక జట్టు ఉండేది, అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1960లలో దేశంలోని గొప్ప డిఫెండర్లలో ఒకడైన అరుణ్ ఘోష్ దాని తరఫున ఆడాడు. ఆ బీఎన్ఆర్ రైలు పట్టాలకి దక్షిణం కొస ఏదనుకున్నారు? మన వాల్తేరే. రైల్వే ఉంది, 1933 నుంచి పోర్టు ఉంది, షిప్‌యార్డు ఉంది, నేవీ ఉంది. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఫుట్‌బాల్ వేళ్ళూనుకున్నది ఇలాంటి ఊళ్ళలోనే. ఓడరేవు కూలీలు, రైల్వే వర్క్‌షాపులు, నావికులు. మరి విశాఖ నుంచి ఒక నయీం ఎందుకు రాలేదు?

సముద్రం ఒడ్డున క్రికెట్ మోజు అనే జవాబు నాకు సరిపోదు. హైదరాబాద్‌లో మాత్రం క్రికెట్ లేదా? నాకు తోచిన కారణం వేరు. విశాఖలో ఉద్యోగం ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ ఆటగాణ్ణి పదేళ్ళు వదలకుండా పట్టుకుని నేర్పే మాస్టారు ఉన్న సంస్థ ఒక్కటీ లేదు. హైదరాబాద్ పోలీసుకి రహీం ఉన్నాడు. ఒక్క మనిషి మీద నిలబడ్డ కట్టడం కాబట్టే ఆయన పోయాక పదేళ్ళలో అదీ ఒరిగిపోయిందనేది వేరే సంగతి.

1966 అంటే విశాఖవాళ్ళకి ఫుట్‌బాల్ గుర్తురాదు. ఆ ఏడాది అక్టోబర్‌లో అమృతరావు నిరాహార దీక్ష, నవంబర్ 1న కాల్పులు, రాష్ట్రమంతా కలిపి 32 మంది చావు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు. మన ఊరి చరిత్రలో 'ఆంధ్రా పోలీస్' అనే మాటకి ఆ ఏడాది ఉన్న అర్థం ఒకటి. డ్యూరాండ్ కప్ మీద చెక్కిన అదే మాటకి అర్థం ఇంకొకటి. రెండూ ఒకే రాష్ట్రం, ఒకే ఖజానా. నాకు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. అయినా పక్కపక్కన పెట్టే చూడాలి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అజీజ్, నూర్, నయీం, హబీబ్, యూసుఫ్ ఖాన్, లతీఫ్. వీళ్ళ ఇళ్ళలో ఉర్దూ. మన క్రీడా చరిత్ర రాసినవాళ్ళు కోడి రామ్మూర్తి దగ్గర మొదలుపెట్టి సి.కె. నాయుడు మీదుగా వచ్చి బ్యాడ్మింటన్ దగ్గర ఆగుతారు. మధ్యలో పాతికేళ్ళ పాటు దేశం ఫుట్‌బాల్‌ని మోసిన ఈ పేర్లు దాటేస్తారు. తెలుగు నేల మీద ఆడి గెలిచినవాళ్ళ లెక్కలో ఇంట్లో మాట్లాడే భాష ఎందుకు అడ్డం రావాలో నాకైతే అర్థం కాదు.

మళ్ళీ 1970కి వద్దాం. ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకి ఉక్కు కర్మాగారం ప్రకటించింది. డిసెంబర్‌లో బ్యాంకాక్ గేమ్స్. మర్నెల, 1971 జనవరి 20న, శంకుస్థాపన. బ్యాంకాక్‌లో సెమీఫైనల్లో బర్మా చేతిలో 0-2తో ఓడాం. ఆ రోజుల్లో బర్మా ఆసియాలోనే మేటి, ఫైనల్లో దక్షిణ కొరియాతో గోల్ లేకుండా ఆడి స్వర్ణం పంచుకుంది. సెమీస్‌లో ఓడిన జట్టుని మళ్ళీ కాళ్ళ మీద నిలబెట్టడం కెప్టెన్ పని. మూడో స్థానం మ్యాచ్‌లో కాళ్ళు బరువుగా ఉంటాయి, మనసు ఇంటి దగ్గర ఉంటుంది, ముందు వరస వాళ్ళు తప్పు చేసినా చెల్లిపోతుంది. వెనక వాళ్ళకి ఆ సౌకర్యం లేదు. స్కోరు 1-0 అయ్యాక మిగిలిన ప్రతి నిమిషమూ వాళ్ళదే. ఆ ఏడాది అర్జున అవార్డు నయీముద్దీన్‌కి వచ్చింది.

ఓడిన జపాన్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. మన ఊరికి అక్కడో లంకె ఉంది.

1970లో జపాన్ ఆటగాళ్ళు కూడా అమెచ్యూర్లే. 1965లో వాళ్ళు జాతీయ లీగ్ మొదలుపెట్టారు. ఎనిమిది జట్లు, దాదాపు అన్నీ కంపెనీలవే: మిత్సుబిషి, హిటాచీ, యాన్మార్, ఇంకా యవాటా స్టీల్. ఆటగాడు పగలు కంపెనీ ఉద్యోగి. మన పోలీసు, మన రైల్వే ఎలాగో అచ్చం అలాగే. అదే కాలంలో బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ లైను మీద అరకు సొరంగాలు దాటుకుని విశాఖ పోర్టుకి దిగుతోంది. ఎవరికోసం? జపాన్ ఉక్కు మిల్లుల కోసం. ఆ రైలు లైను వేసిందే ఆ ఎగుమతి కోసం. పెద్ద ఓడలు పట్టాలని 1970లలో అవుటర్ హార్బర్ కట్టిందీ ముఖ్యంగా అందుకే. ఖనిజం మనది, ఉక్కు వాళ్ళది అని ఇక్కడ ఉద్యమకారులు గొంతు చించుకుంటున్న సమయంలోనే, ఆ ఉక్కు మిల్లుల్లో ఒకటి ఫుట్‌బాల్ జట్టుకి జీతాలిస్తోంది. బ్యాంకాక్‌లో 1-0 అంటే ఒక దేశపు కానిస్టేబుళ్ళు, రైల్వే ఉద్యోగులు ఇంకో దేశపు ఫ్యాక్టరీ ఉద్యోగుల్ని ఓడించడం. ఆ రోజుకి ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నారు.

ఆ తర్వాత దారులు చీలాయి. నయీం బూట్లు విప్పి కోచ్ అయ్యాడు. ఆయన కోచింగ్ గురించి అందరూ చెప్పే మాట క్రమశిక్షణ. తెల్లవారుజామున ప్రాక్టీసు, ఫిట్‌నెస్ పట్ల పట్టుదల, స్టార్లకి మినహాయింపు లేకపోవడం. 1990లో ఈస్ట్ బెంగాల్ ఆయన కింద ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఒకే సీజన్‌లో గెలిచింది. ఆ ఏడాదే ద్రోణాచార్య అవార్డు. ఫుట్‌బాల్‌కి ఆ అవార్డు అందుకున్న తొలి మనిషి ఆయనే. అర్జున, ద్రోణాచార్య రెండూ ఉన్న తొలి ఫుట్‌బాలర్ కూడా. 1997లో దేశం జట్టుని తీసుకుని ఖాట్మండులో శాఫ్ కప్ గెలిపించాడు. ఢాకా వెళ్ళి బ్రదర్స్ యూనియన్‌కి కోచ్‌గా లీగ్ గెలిపించాడు, బంగ్లాదేశ్ జాతీయ జట్టుకీ పనిచేశాడు. 2005లో మళ్ళీ ఇండియా కోచ్. ఆ డిసెంబర్‌లో కరాచీలో ఇంకో శాఫ్ కప్.

విశాఖకి 2005 అంటే ధోనీ. ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద 148. ఆ ఇన్నింగ్స్ మా ఊళ్ళో ఒక తరం పిల్లల భవిష్యత్తు కలల్ని ఒక్క మధ్యాహ్నంలో మార్చేసింది. దేశం ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఒక హైదరాబాదీ అన్న వార్త ఆ రోజుల్లో ఇక్కడ ఎవరి చెవినా పడలేదు.

2006 ఫిబ్రవరి 22, యొకొహామా. ఏషియన్ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. మళ్ళీ ఇండియా, జపాన్. ముప్పై ఐదేళ్ళ కిందట జపాన్‌ని సున్నా దగ్గర ఆపిన కెప్టెన్ ఇప్పుడు టచ్‌లైన్ బయట నిలబడి ఉన్నాడు. స్కోరు 6-0. వారం తర్వాత ఢిల్లీలో యెమెన్ చేతిలో 0-3. కొద్ది నెలలకే ఆయన్ని మార్చి ఇంగ్లీషు కోచ్ బాబ్ హౌటన్‌ని తెచ్చారు. నయీం పద్ధతులు పాతబడ్డాయి అన్నారు. పాతబడి ఉండొచ్చు కూడా. తెల్లవారుజాము పరుగులతో ఆరు గోల్స్ తేడా పూడ్చలేం. కానీ ఆ తేడా కోచ్‌ది మాత్రమే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. అవతలి పదకొండు మందీ పిల్లలుగా ఉన్నప్పటి నుంచి జీతం తీసుకునే కోచ్‌ల చేతుల్లో పెరిగి, దేశంలోనూ యూరప్‌లోనూ ఫుట్‌బాలే ఉద్యోగంగా బతుకుతున్నవాళ్ళు. జపాన్ 1993లో కంపెనీ జట్లని ఊరి క్లబ్బులుగా మార్చి జె-లీగ్ పెట్టింది. మనం 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పెట్టాం. మూడేళ్ళే తేడా. తేడా కాలెండర్‌లో లేదు.

(అదే 2006 వేసవిలో జర్మనీ ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ తరఫున సబ్‌స్టిట్యూట్‌గా దిగిన వికాస్ దొరాసూ మారిషస్ తెలుగు కుటుంబం నుంచి వచ్చినవాడు. పందొమ్మిదో శతాబ్దంలో కోరింగ, విశాఖ లాంటి మన కోస్తా రేవుల నుంచి చెరకు తోటలకి కూలీలుగా ఎంతోమంది ఓడలెక్కారు. ప్రపంచకప్ మైదానం దాకా చేరిన తెలుగు వంశం ఆ దారిన పోయిందే.)

తేడా ఎక్కడుందో చూడాలంటే కషిమా అనే ఊరు చూడాలి. టోక్యోకి తూర్పున, సముద్రం ఒడ్డున. అక్కడున్నవి ఒక పోర్టు, ఒక ఉక్కు కర్మాగారం. పోలిక ఎవరైనా పట్టేస్తారు. సుమిటోమో మెటల్ కంపెనీ తన ఫ్యాక్టరీ జట్టుని 1975లో ఆ ఊరికి తెచ్చింది. చాలా ఏళ్ళు అది రెండో శ్రేణిలో పడి లేచిన జట్టు. జె-లీగ్ వస్తోందని తెలిశాక కంపెనీ, చుట్టుపక్కల మున్సిపాలిటీలు, జిల్లా ప్రభుత్వం కలిసి స్టేడియం కట్టాయి. 1991లో బ్రెజిల్ నుంచి జీకోని తెచ్చుకున్నారు. ఫ్యాక్టరీ జట్టు కషిమా ఆంట్లర్స్ అయింది, జపాన్‌లో అత్యధిక టైటిళ్ళు గెలిచిన క్లబ్బు అయింది. 2006లో యొకొహామాలో జపాన్ బెంచీ మీద కోచ్ ఎవరు? ఆ జీకోనే. 2019లో ఉక్కు కంపెనీ తన మెజారిటీ వాటాని మెర్కారి అనే ఇంటర్నెట్ కంపెనీకి అమ్మేసింది. క్లబ్బు మాత్రం ఊళ్ళోనే ఉంది.

మన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఉక్కునగరంలో మైదానాలున్నాయి, స్టేడియం ఉంది, క్రీడా కోటా ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళున్నారు. ఊళ్ళో పోర్టుకీ స్టేడియం ఉంది. వీటిలో ఏ ఒక్కటీ ఊరి పేరుతో ఒక జట్టు కాలేదు. సంస్థ తన ఉద్యోగుల కోసం ఆటని పెంచింది, ఊరి కోసం కాదు. దీన్ని తప్పుపట్టడం సులువే. కానీ 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చిన దగ్గర్నుంచి తన ఉనికి కోసమే రోడ్డెక్కిన ఫ్యాక్టరీని ఫుట్‌బాల్ జట్టు ఏదని అడగడానికి నాకు నోరు రావడం లేదు.

హైదరాబాద్‌కి మాత్రం ఆలస్యంగానైనా నిజమైన ప్రొఫెషనల్ క్లబ్బు వచ్చింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. మ్యాచ్ 1-1 దగ్గర ఆగింది, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ తర్వాత మూడేళ్ళకి, 2025లో, యాజమాన్యం మారి క్లబ్బు ఊరు వదిలిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.